దారిలో ఉందని కాదు, ఆమె కోసమే వెళ్లండి

ప్రశ్న: మేము ఫ్రీమాంట్‌లో ఉంటాం. నాకు 44 ఏళ్లు. విశాఖపట్నంలో ఇంజినీరింగ్ చదివినప్పుడు హాస్టల్లో ఒకే గదిలో నలుగురం ఉండేవాళ్లం. విచిత్రంగా నలుగురమూ ఇప్పుడు కాలిఫోర్నియాలోనే ఉన్నాం. ఒకరు శాన్ లూయిస్ ఒబిస్పోలో, ఒకరు వెంచురాలో, ఒకరు శాన్ డియాగోలో. అయినా పదకొండేళ్లుగా కలవలేదు. జూన్ మూడో వారంలో ఐదు రోజుల సెలవు పెట్టి, తీరం వెంట కారులో వెళ్లి అందరినీ చూసి రావాలని ఉంది. మావారు పద్నాలుగు చోట్ల ఆగేలా పట్టిక తయారు చేశారు. మావెరిక్స్ పెద్ద అలలు, బిగ్ సర్, రింకన్, మాలిబు, హంటింగ్టన్ బీచ్, అన్నీ అందులో ఉన్నాయి. పదిహేనేళ్ల మా అమ్మాయికి సర్ఫింగ్ నేర్చుకోవాలని ఒకటే పట్టుదల. ఈత వచ్చు, కానీ కొలనులోనే. నాకేమో సముద్రమంటే భయం. ఆర్కే బీచ్‌లో స్నానానికి దిగిన మా కాలేజీ కుర్రవాడు తిరిగి రాలేదు. ఆ రోజు నేను ఒడ్డునే ఉన్నాను.

ఇంకో సంగతి. వెంచురాలో ఉన్న స్నేహితురాలి అమ్మగారు ఆరేళ్ల క్రితం అనకాపల్లిలో పోయారు. హాస్టల్లో మా అందరికీ నువ్వుండలు పంపిన తల్లి ఆవిడ. నేను ఒక మెసేజ్ పెట్టి ఊరుకున్నాను, ఫోను చేయలేదు. తర్వాత చేయడానికి ముఖం చెల్లలేదు. తనూ మాట్లాడటం మానేసింది. "ఎలాగూ దారిలోనే ఉంది కదా, ఒక అరగంట ఆగి కాఫీ తాగితే అన్నీ సర్దుకుంటాయి" అంటున్నారు మావారు. ఆగమంటారా?

సమాధానం: ముందుగా ఆ పద్నాలుగు చోట్ల పట్టికను పక్కన పెట్టమని మీవారికి నా మాటగా చెప్పండి. ఆయన శ్రద్ధను తక్కువ చేయడం లేదు. కానీ తీరం వెంట శాన్ డియాగో చేరేసరికి ఐదు వందల మైళ్లు దాటుతాయి. ఐ-5 హైవే మీద తిరిగి రావడానికే ఒక రోజంతా పోతుంది. మిగిలిన నాలుగు రోజుల్లో పద్నాలుగు చోట్ల ఆగితే, పదకొండేళ్ల తర్వాత కలుస్తున్న మనుషుల దగ్గర మీరు కూర్చునేది ఎంతసేపు? చెప్పులు విప్పి, మంచినీళ్లు తాగి, పిల్లలు ఎంత ఎదిగారో చెప్పుకునేలోపే లేవాల్సి వస్తుంది.

వీలైతే సెలవు ఏడు రోజులకు పెంచండి. వీలుకాకపోతే బిగ్ సర్ వదిలేయండి. ఈ మాట చాలామందికి నచ్చదని తెలుసు. అమెరికాలో అంత అందమైన రోడ్డు మరొకటి లేదని నేనూ నమ్ముతాను. నిటారు కొండ ఒక పక్క, పసిఫిక్ ఇంకో పక్క. 1932లో కట్టిన బిక్స్‌బీ వంతెన మీద నుంచి మొదటిసారి లోయలోకి చూసినప్పుడు నాకు మాట రాలేదు. అయితే కార్మెల్ నుంచి శాన్ సిమియన్ దాకా ఉన్న ఆ తొంభై మైళ్లు ఆగుతూ వెళితే ఒక పగలంతా పడుతుంది. పైగా ఆ రోడ్డుకు భరోసా లేదు. 1937లో తెరిచినప్పటి నుంచీ కొండ దాని మీదికి జారుతూనే ఉంది. 2017 మేలో మడ్ క్రీక్ దగ్గర పావు మైలు రోడ్డు మట్టి కింద పూడిపోతే, మళ్లీ తెరిచేసరికి 2018 జూలై వచ్చింది. 2023 జనవరి తుఫానుల తర్వాత కూడా చాలాకాలం ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లే వీలు లేకుండా పోయింది. కాబట్టి వెళ్లాలనుకున్నా, బయలుదేరే ముందు రోజు కాలిఫోర్నియా రోడ్ల శాఖ కాల్‌ట్రాన్స్ వెబ్‌సైట్‌లో దారి తెరిచి ఉందో లేదో చూడండి. కార్మెల్‌లోనే పెట్రోలు నింపుకోండి. మధ్యలో చాలా దూరం ఫోను పనిచేయదని శాన్ లూయిస్ ఒబిస్పో స్నేహితురాలికి ముందే చెప్పండి. లేకపోతే ఆమె వంట చేసుకుని కంగారుగా ఎదురుచూస్తూ ఉంటుంది. సెలవు ఐదు రోజులే అయితే సాలినాస్ మీదుగా 101 హైవేలో వెళ్లిపోండి. మీరు ఫ్రీమాంట్‌లోనే ఉంటారు, బిగ్ సర్‌కు ఏ వారాంతంలోనైనా వెళ్లవచ్చు.

పట్టికలో కొన్నిటిని కాలమే కొట్టివేస్తుంది. హాఫ్ మూన్ బే దగ్గరి మావెరిక్స్‌లో ఐదారు అంతస్తుల ఎత్తు అలలు లేచేది చలికాలంలో, ఉత్తర పసిఫిక్ తుఫానులు పంపినప్పుడు. జూన్‌లో అక్కడ నిలబడితే మామూలు సముద్రమే కనిపిస్తుంది. వెంచురాకు ఉత్తరాన ఉన్న సర్ఫింగ్ చోటు రింకన్ కూడా అంతే. దాన్ని ఈ తీరానికి రాణి అంటారు కానీ, ఆ కొలువు చలికాలంలోనే. మీ అమ్మాయి వీడియోలలో చూసిన పొడవైన అల జూన్‌లో ఉండదని ముందే చెబితే పాపం నిరాశపడదు. వేసవిలో అలలు దక్షిణం నుంచి వస్తాయి. మాలిబు, శాన్ క్లెమెంటే లాంటి దక్షిణపు ముఖం ఉన్న చోట్లకు అది మంచి కాలం. జూన్‌లో పొద్దున పూట తీరమంతా మబ్బు పట్టి ఉంటుంది, మధ్యాహ్నానికి గాని విడదు. దక్షిణ కాలిఫోర్నియా కదా అని పలచని బట్టలే సర్దుకుని వెళ్లకండి.

ఇక మీ భయం. ఒడ్డున నిలబడి ఒక మనిషి పోవడం చూసిన తర్వాత భయం లేకపోతేనే ఆశ్చర్యపడాలి. "నీకు తెలియదులే అమ్మా" అని మీ అమ్మాయి అంటే, ఆ రోజు ఏం చూశారో ఆమెకు పూర్తిగా చెప్పండి. పదిహేనేళ్ల పిల్ల అర్థం చేసుకోగలదు. ఆ తర్వాత ఆమెను నీళ్లలోకి దిగనివ్వండి. సముద్రాన్ని తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకోవడమే ఆ భయానికి సరైన జవాబని నా నమ్మకం. మన విశాఖలో ఆ రోజుల్లో అలా నేర్పేవాళ్లు మనకు ఎవరూ కనిపించలేదు. మనకు తెలిసింది దిగడం, లేదా దూరంగా కూర్చోవడం, రెండే.

మొదటి పాఠం శాంటా క్రూజ్‌లో, కోవెల్స్ బీచ్‌లో పెట్టించండి. అక్కడ కొండగట్టు అడ్డం ఉండటంతో అల బలం తగ్గి, నెమ్మదిగా విరుగుతూ ఒడ్డుకు చేరుతుంది. వేసవిలో మరీ సాధువుగా ఉంటుంది. శిక్షకులతో గుంపుగా చేసే తరగతులు దొరుకుతాయి. ఎనిమిది తొమ్మిది అడుగుల పొడవుండి, పైన మెత్తటి ఫోమ్ ఉన్న బోర్డు ఇస్తారు. పొట్టి బోర్డు అందంగా ఉందని మీ అమ్మాయి అడిగినా ఒప్పుకోవద్దు. నీళ్లు జూన్‌లో కూడా చల్లగానే ఉంటాయి, 15 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో. ఒంటినిండా కప్పే మందపాటి వెట్‌సూట్ తప్పనిసరి. జాక్ ఓనీల్ అనే ఆయన 1950లలో శాన్ ఫ్రాన్సిస్కోలో కొట్టు పెట్టి, తర్వాత శాంటా క్రూజ్‌కు వచ్చి, ఈ చలి తట్టుకోలేక అవస్థపడే వాళ్ల కోసమే వెట్‌సూట్లు కుట్టి అమ్మాడు. అంతకుముందు ఉన్ని స్వెట్టర్లు వేసుకుని దిగేవాళ్లట.

పిల్లకు ముందే నేర్పవలసినవి కొన్ని ఉన్నాయి. నీళ్లలోకి దిగే ముందు ఒడ్డున పావుగంట నిలబడి అలలు ఎక్కడ విరుగుతున్నాయో, ఎక్కడ విరగకుండా నీరు లోపలికి పోతోందో చూడాలి. నురగ లేకుండా ప్రశాంతంగా కనిపించే ఆ సందే ప్రమాదం. ఒడ్డుకు చేరిన నీరంతా తిరిగి సముద్రంలోకి పోయే దారి అది. రిప్ కరెంట్ అంటారు. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. గజ ఈతగాళ్లు కూడా అలా అలిసిపోయే మునుగుతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ ప్రవాహం దాటాక తిరిగి రావాలి. లేదా తేలుతూ చేయి పైకెత్తి పిలవాలి. ఆర్కే బీచ్‌లో ఆ కుర్రవాడికి ఈ ఒక్క సంగతి ఎవరైనా చెప్పి ఉంటే అని నేను కూడా అనుకున్నాను, మీ ఉత్తరం చదువుతూ. ఇంకా, కాలికి కట్టిన తాడు విప్పకూడదు. పడేటప్పుడు తలకిందులుగా దూకకుండా వెడల్పుగా పడాలి, పైకి వచ్చేటప్పుడు చేతులు తల మీద అడ్డం పెట్టుకోవాలి. ఒక అల మీద ఒకరే. అల విరిగే చోటుకు దగ్గరగా ఉన్నవాళ్లది ముందు హక్కు. ఈ మర్యాద తప్పితే స్థానికులు మందలిస్తారు, ఆ మందలింపు న్యాయమే.

ఆమె నీళ్లలో ఉన్నప్పుడు మీరు కారులో కూర్చోకండి. లైఫ్‌గార్డు ఉన్న వైపు ఒడ్డున నిలబడి చూడండి. పాఠం అయ్యాక ముగ్గురూ నడుచుకుంటూ గట్టు మీది లైట్‌హౌస్‌కు వెళ్లండి. 1986 నుంచి అందులో చిన్న సర్ఫింగ్ మ్యూజియం ఉంది. దాని కిందే స్టీమర్ లేన్, అనుభవజ్ఞుల చోటు. గట్టు మీద నుంచి చూస్తే వాళ్లు మన కాళ్ల కిందే అల మీద సాగిపోతున్నట్టు ఉంటుంది. 1885లో హవాయి నుంచి వచ్చి శాన్ మాటియోలో చదువుకుంటున్న ముగ్గురు రాకుమారులు, సోదరులు, ఇక్కడి రెడ్‌వుడ్ కలపతో బోర్డులు కోయించుకుని శాన్ లొరెంజో నది ముఖద్వారంలో అలల మీద ఆడారు. ఈ ఖండంలో సర్ఫింగ్‌కు మొదటి ఆధారం అదే. చదువు కోసం పరాయి చోటికి వచ్చిన కుర్రవాళ్లు తమ ఊరి ఆట ఆడుకున్నారు, అంతే. మీ హాస్టల్ గది కథ మీ అమ్మాయికి చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తోచలేదు.

శాన్ లూయిస్ ఒబిస్పోలో ఒక రాత్రి నిద్ర చేయండి. ఎన్నింటికి వస్తారో నిజం చెప్పండి. ఆరు అని చెప్పి తొమ్మిదికి చేరితే ఆమె సాయంత్రమంతా పాడవుతుంది. దారిలో క్లామ్ చౌడర్ అనే ఆల్చిప్పల సూప్ తాగి, కడుపు నిండిన మనుషులుగా గుమ్మం ఎక్కకండి. ఆమె మీ కోసం గుత్తి వంకాయ చేసి ఉంటుంది. మర్నాడు ఆమెతో కలిసి మోరో బేకు వెళ్లండి. దాదాపు ఆరు వందల అడుగుల రాతి గుట్ట సముద్రంలో నిలబడి ఉంటుంది, దాని పక్కన నీటికుక్కలు వెల్లకిలా తేలుతూ పిల్లల్ని పొట్ట మీద పెట్టుకుని కనిపిస్తాయి. ఓపిక ఉంటే ఇంకొంచెం ఉత్తరాన పియెద్రాస్ బ్లాంకాస్ దగ్గర ఎలిఫెంట్ సీళ్లను చూడవచ్చు. జూన్‌లో భారీ మగవి పాత చర్మం వదుల్చుకోవడానికి ఒడ్డుకు రావడం మొదలవుతుంది. టికెట్ లేదు. ఇద్దరు పాత స్నేహితురాళ్లు కట్టె గోడకు ఆనుకుని ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు.

ఇప్పుడు వెంచురా. మీవారు మంచి మనసుతోనే చెప్పారు, కానీ ఆ సలహా తప్పు. నేను చాలా ఏళ్ల కిందట శాన్ హోసేలో ఉండగా చిన్ననాటి స్నేహితుడు ఒకడు మాంటెరే వెళుతూ మా ఇంటికి వచ్చాడు. ఎనిమిదేళ్ల తర్వాత రావడం. నేను తెల్లవారుజామునే లేచి పెసరట్లకు రుబ్బి, ఉప్మా కలిపి పెట్టాను. వాడు నలభై నిమిషాలు కూర్చున్నాడు. పిల్లలు కారులోనే నిద్రపోతున్నారని అన్నాడు. రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. పోతూ పోతూ, "నువ్వు దారిలో ఉండటం మంచిదైందిరా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నాకు నొప్పిగానే ఉంటుంది. వాడిది దురుద్దేశం కాదు. నేను వాడి ప్రయాణంలో ఒక మజిలీని, అంతే. అప్పటికి మా మధ్య ఏ తగాదా లేదు. తల్లి పోయినప్పుడు మాట్లాడని స్నేహితురాలు ఆరేళ్ల తర్వాత భర్తా బిడ్డలతో బీచ్ బట్టల్లో దిగి, అరగంట కాఫీ తాగి వెళితే ఎలా ఉంటుందో ఆలోచించండి. కుటుంబం ఎదురుగా ఉంటే ఆమె మర్యాదగా నవ్వుతుంది, పిల్ల చేతిలో ఏదో తినడానికి పెడుతుంది, కోపం చెప్పుకునే అవకాశం కూడా ఆమెకు ఇవ్వనివారవుతారు.

ముందు ఫోను చేయండి. మెసేజ్ కాదు, అప్పుడు జరిగిన తప్పే అది. ఆమె తీరికగా ఉండే సెలవు రోజు పొద్దున చేయండి. ప్రయాణం సంగతితో మొదలుపెట్టకండి. "అమ్మ పోయినప్పుడు నేను నీతో మాట్లాడలేదు. అది తప్పు. నన్ను క్షమించు" అని అక్కడ ఆగండి. పని ఒత్తిడి, పిల్ల జ్వరం, సమయాల తేడా, ఇవేవీ చెప్పకండి. ఒక్క కారణం చెప్పినా అది క్షమాపణ కాకుండా సంజాయిషీ అవుతుంది. ఆమె చాలాసేపు మాట్లాడకపోవచ్చు, ఏడవవచ్చు, నిష్ఠూరంగా అనవచ్చు. వినండి. "చివరికి మా అమ్మ నిన్ను అడిగింది తెలుసా" అంటే దానికి మీ దగ్గర జవాబు ఉండదు. ఉండనవసరం లేదు.

తర్వాత అమ్మగారి గురించి అడగండి. ఆఖరి రోజులు ఎలా గడిచాయి, విమానం దొరికి సమయానికి చేరగలిగిందా, అనకాపల్లిలో ఇల్లు ఏమైంది. దూరదేశంలో ఉండి తల్లిని పోగొట్టుకున్న వాళ్లకు ఆ తల్లిని ఎరిగిన మనిషి ఇక్కడ దొరకడం చాలా అరుదు. వెంచురాలో ఆమె చుట్టూ ఉన్న ఎవరికీ ఆవిడ చేతి నువ్వుండల రుచి తెలియదు. మీకు తెలుసు. ఆ డబ్బా ఎలా ఉండేదో, మూత తీయడానికి మీ నలుగురిలో ఎవరు కొట్లాడేవారో మీకు గుర్తుండే ఉంటుంది. ఆరేళ్లు ఆలస్యమైనా అది ఆమెకు ఇవ్వవలసిన బాకీ.

చివరగా, "జూన్‌లో నిన్ను చూడటానికి రావాలని ఉంది, నీకు ఇష్టమైతేనే" అనండి. దారిలో ఉన్నావు కాబట్టి అన్న మాట రానివ్వకండి. వద్దంటే ఒప్పుకోండి. గుమ్మం ముందు నిలబడి ఆశ్చర్యపరచాలని చూడకండి, నేరుగా శాన్ డియాగోకు సాగిపోండి, కొన్ని నెలల తర్వాత మళ్లీ ఒకసారి పలకరించండి. రమ్మంటే మాత్రం వెంచురాలో ఒక పూర్తి రోజు ఉండండి, ఆమె ఇంటికి మొదట ఒంటరిగా వెళ్లండి. ఆ సమయానికి మీవారికీ అమ్మాయికీ మంచి పని ఉంది. వెంచురాకూ రింకన్‌కూ మధ్య మోండోస్ అనే చోట కొత్తవాళ్లకు సరిపోయే మెత్తని అల వస్తుంది. అక్కడ రెండో పాఠం చెప్పించవచ్చు. మీరు తిరిగి వచ్చే వేళ ముందుగా చెప్పకండి. మీవారికి ఇది కొంచెం కష్టంగానే ఉంటుంది, అయినా అడగండి.

వెంచురా నుంచి దక్షిణానికి వెళ్లేటప్పుడు 101 మీద కలబాసస్ దగ్గర లాస్ వర్జెనెస్ రోడ్డులోకి దిగితే వెంకటేశ్వర స్వామి గుడి వస్తుంది. మాలిబు గుడి అని మనవాళ్లు పిలిచేది దాన్నే. దక్షిణ కాలిఫోర్నియా తెలుగువాళ్లలో అక్కడికి వెళ్లనివాళ్లు అరుదు. దర్శనం చేసుకుని అదే రోడ్డులో కొండల మధ్య నుంచి దిగితే మాలిబు తీరం. 2025 జనవరి మంటల్లో ఆ తీరం వెంట ఎన్నో ఇళ్లు కాలిపోయాయి. ఖాళీ స్థలాల ముందు ఆగి ఫొటోలు తీయడం మానేయండి, అవి నిన్నటిదాకా ఎవరో కాపురమున్న ఇళ్లు. హంటింగ్టన్ బీచ్‌ను ఈసారికి వదిలేయండి. లాస్ ఏంజిలస్‌ను పొద్దున పది తర్వాత, మధ్యాహ్నం రెండు లోపల దాటేలా చూసుకుంటే చాలు.

శాన్ డియాగో స్నేహితురాలిని ఎన్సినిటాస్‌లో కలుసుకోండి. అక్కడ స్వామీస్ అనే పేరున్న సర్ఫింగ్ చోటు ఉంది. ఆ స్వామి పరమహంస యోగానంద. గట్టు మీద ఆయన ఆశ్రమం 1930ల నుంచి ఉంది, తెల్ల గోడ మీద బంగారు తామర మొగ్గలు దూరానికే కనిపిస్తాయి. గట్టు అంచున కట్టిన మందిరం ఒకటి 1942లో నేల కోతకు గురై జారిపోయింది. తోట మాత్రం అందరికీ తెరిచి ఉంటుంది, అందులో కూర్చుని కింద అలల మీద సాగేవాళ్లను చూడవచ్చు. మీ అమ్మాయిని అక్కడ దించవద్దు, కింద రాతి నేల, అనుభవం ఉన్నవాళ్ల చోటు అది. ఆమెకు లా హోయా షోర్స్ మంచిది. అక్కడ ఇసుకలో స్టింగ్‌రే చేపలు ఉంటాయి, తోకలో ముల్లు ఉంటుంది. అడుగు ఎత్తి వేయకుండా పాదాలు ఈడ్చుకుంటూ నడిస్తే అవే పక్కకు తొలగిపోతాయి. గుచ్చుకుంటే లైఫ్‌గార్డు దగ్గరికి వెళితే వేడినీళ్లలో కాలు పెట్టిస్తారు, నొప్పి తగ్గుతుంది.

శాన్ డియాగోలోనూ శాన్ లూయిస్ ఒబిస్పోలోనూ బస ఇప్పుడే ఖాయం చేసుకోండి. జూన్‌లో తీరమంతా గదులు త్వరగా నిండిపోతాయి. వెంచురాలో మాత్రం ఆ ఫోను అయ్యాకే గది తీసుకోండి.